కొత్త కారు సర్వీసు: షోరూంలోనా, మన మేస్త్రి దగ్గరా?

(నల్లగొండలో కారు యజమానుల కోసం ఏర్పాటైన ఒక సాయంత్రపు సభలో, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ బోధించిన విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నన్ను ఎరిగినవాళ్లు కారు కొన్న ఏడాదికి తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "సార్, ఫ్రీ సర్వీసులు అయిపోయినయ్. ఇగ బయట చేయించొచ్చు గదా?" క్లాక్ టవర్ దగ్గర కలిసినా ఇదే, పెళ్లి భోజనాల దగ్గర కలిసినా ఇదే. నిలబడి రెండు ముక్కల్లో చెప్తే తేలే విషయం కాదిది. అందుకే ఈ సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం.

నా దగ్గర పాన పట్టడం నేర్చుకున్న పిల్లలు కొందరు కంపెనీ సర్వీస్ సెంటర్లలో పనిచేస్తున్నారు. కొందరు హైదరాబాద్ రోడ్డు వెంట, మిర్యాలగూడలో, దేవరకొండలో సొంతంగా షెడ్లు పెట్టుకున్నారు. అటూ నా వాళ్లే, ఇటూ నా వాళ్లే. ఒకరిని దొరను చేసి ఇంకొకరిని దొంగను చేయడానికి నేను రాలేదు. రెండు చోట్లా పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి, మీ డబ్బు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కారిపోతుంది అనేది చెప్తాను.

ముందు ఒక చిక్కు విడదీయాలి. ఫ్రీ సర్వీసు వేరు, వారంటీ వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఫ్రీ సర్వీసు అంటే లేబర్ చార్జీ తీసుకోకపోవడం. ఆయిల్, ఫిల్టర్లు, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లాంటివాటికి అప్పుడు కూడా మీరే డబ్బు కడతారు. చాలా కంపెనీలవి మూడు ఫ్రీ సర్వీసులు. కొన్నిటికి మూడోది పదివేల కిలోమీటర్లకో ఏడాదికో అయిపోతుంది, కొన్నిటికి ఇరవై వేల దాకా వస్తుంది. వారంటీ అక్కడితో ఆగదు. మారుతి 2024 జులైలో తన వారంటీని రెండేళ్లు, 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. హ్యుందాయ్‌ది మూడేళ్లు, కిలోమీటర్ల లెక్క లేదు. అంటే ఫ్రీ సర్వీసులు అయిపోయాక కూడా ఏడాదో రెండేళ్లో కంపెనీ బాధ్యత మిగిలే ఉంటుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే డబ్బు కట్టి పొడిగించుకునే వారంటీ, కొన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

మనవాళ్లు నష్టపోయేది సరిగ్గా ఈ మధ్య కాలంలోనే. "ఫ్రీ అయిపోయింది, ఇంకెందుకు షోరూంకు పోవడం" అని రెండో ఏడాది ఆయిల్ బయట మార్పిస్తారు. బిల్లు ఉండదు. మూడో ఏడాది గేర్‌బాక్స్‌లోనో, టర్బోలోనో మోత మొదలవుతుంది. షోరూంకు తీసుకెళ్తే వాళ్లు కంప్యూటర్‌లో చూసి "రెండో ఏడాది సర్వీసు రికార్డు లేదు సార్" అంటారు. రెండు వేలు మిగిలాయనుకున్న చోట లక్ష రూపాయల బేరం మీద పడుతుంది.

"అలా వారంటీ కట్ చేసే హక్కు వాళ్లకుందా?" అని అడగండి, అడగవలసిన ప్రశ్నే. 2011లో, మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఒక ఫిర్యాదు వెళ్లింది. కార్ల కంపెనీలు ఒరిజినల్ పార్టులు, బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానింగ్ పరికరాలు బయటి గ్యారేజీలకు దొరకనివ్వడం లేదని ఆ ఫిర్యాదు. విచారణ జరిపి 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వులోనే మనకు పనికొచ్చే మాట ఇంకోటుంది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, బయట జరిగిన తప్పుడు పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే నిరాకరించాలి అని. చాలా న్యాయమైన మాట. అయితే కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, వ్యవహారం ట్రిబ్యునల్‌లో, కోర్టుల్లో ఏళ్లు నడిచింది. 2022 డిసెంబరులో కేంద్రం "రైట్ టు రిపేర్", అంటే రిపేరు హక్కు, పోర్టల్ ప్రారంభించింది. వాహనాలు కూడా అందులో ఒక విభాగం. గాలి ఏ దిక్కుకు వీస్తోందో దీన్ని బట్టి తెలుస్తుంది.

కానీ నేను మీకు చట్టం చెప్పి ధైర్యం నింపి పంపిస్తే సరిపోదు. ఇంజన్ విప్పి షోరూంలో పెట్టి, మీరు లాయర్ చుట్టూ తిరుగుతుంటే బండి నెలల తరబడి అక్కడే పడి ఉంటుంది. పిల్లల బడి, ఆఫీసు, ఆస్పత్రి ఆగవు. అందుకని నా మాట ఇది: వారంటీ నడిచినన్నాళ్లు, పుస్తకంలో రాసిన సర్వీసులు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. కానీ పుస్తకంలో రాసినవి మాత్రమే చేయించండి. ఈ రెండో సగం మర్చిపోతే మొదటి సగం మీకు చాలా ఖరీదవుతుంది.

పుస్తకం అంటే ఓనర్స్ మాన్యువల్. బండి ముందు డబ్బాలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పెట్టి ఉంటుంది. ఇంటికెళ్లి దాన్ని తీయండి. చివర్లో ఒక పట్టిక ఉంటుంది, మెయింటెనెన్స్ షెడ్యూల్ అని. పై వరుసలో కిలోమీటర్లు, నెలలు. పక్కన పనుల పేర్లు. ఒక్కో గడిలో ఒక అక్షరం ఉంటుంది. ఒక అక్షరానికి అర్థం చూడాలి అని, ఇంకోదానికి మార్చాలి అని. ఆ ఒక్క పేజీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. షోరూంలో మీకు లాయర్ అదే, షెడ్డులో మీకు ఇంజనీర్ అదే.

మొన్న ఒక మిత్రుడు, హెడ్‌మాస్టరుగా రిటైరైనాయన, తన సర్వీసు ఎస్టిమేట్ పట్టుకొచ్చాడు. ఏ షోరూం అనేది మనకు అక్కర్లేదు. బండికి రెండేళ్లు, ఇరవై వేల కిలోమీటర్ల సర్వీసు. మొత్తం పన్నెండు వేల పైచిలుకు. ఇద్దరం కూర్చుని ఆ కాగితాన్ని, మాన్యువల్ పేజీని పక్కపక్కన పెట్టి చదివాం. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్: పుస్తకంలో ఉన్నాయి, ఉండాలి. బ్రేక్ ఫ్లూయిడ్: పుస్తకంలో రెండేళ్లకు మార్చమని ఉంది, న్యాయమే. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాతబడితే ఘాట్‌లో దిగేటప్పుడు వేడికి మరిగి బ్రేకు మెత్తబడుతుంది. ఏసీ ఫిల్టర్: మార్చాల్సిందే. ఇక్కడిదాకా బిల్లు సగం కూడా కాలేదు. ఆ తర్వాత మొదలైంది. ఇంజన్ డీకార్బనైజింగ్, అంటే లోపలి మసి తీయడం. ఇంజన్ ఫ్లష్. ఇంజెక్టర్ క్లీనింగ్. ఏసీ ఎవాపరేటర్ క్లీనింగ్. ఇంటీరియర్ ఎన్‌రిచ్‌మెంట్. ఎలుకల స్ప్రే. వీటిలో ఒక్కటి కూడా ఆ పట్టికలో లేదు. రెండేళ్ల బండి, లోపం ఏమీ లేదు, పికప్ తగ్గలేదు, మైలేజ్ తగ్గలేదు. మరి డీకార్బనైజింగ్ దేనికి? ఆయన, షోరూంలో బండి తీసుకుని ఎస్టిమేట్ రాసే సర్వీస్ అడ్వైజర్‌కు ఫోన్ చేసి "బాబూ, మాన్యువల్‌లో ఉన్నవి మాత్రమే చెయ్యండి, మిగతావి వద్దు" అన్నాడు. "సరే సార్" అన్నాడా కుర్రాడు. అంతే. వాదన లేదు, గొడవ లేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి పైనుంచి టార్గెట్ ఉంటుంది. నెలకు ఇన్ని ట్రీట్‌మెంట్లు అమ్మాలని లెక్క ఉంటుంది. నా విద్యార్థుల్లో ఒకడు అడ్వైజర్ పని వదిలేసి మళ్లీ ఫ్లోర్ మీదికి, పాన దగ్గరికి వెళ్లిపోయాడు, ఆ ఒత్తిడి పడలేక. మీరు మర్యాదగా వద్దంటే అతను మర్యాదగానే తీసేస్తాడు. మీరు అడగకపోతే మాత్రం అది బిల్లులో ఉంటుంది.

బిల్లు గురించే ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా పార్టుల మీద 28 ఉండేది. బిల్లు తీసుకున్నప్పుడు ఆ గడి ఒకసారి చూసుకోండి.

ఇంకొక అపోహ. కొన్న షోరూంలోనే సర్వీసు చేయించాలని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమం ఏమీ లేదు. వారంటీ ఇచ్చేది బండి తయారు చేసిన కంపెనీ, అమ్మిన డీలర్ కాదు. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా చెల్లుతుంది. నల్లగొండలో నచ్చకపోతే సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లో కుదరకపోతే హైదరాబాద్. చిన్న ఊళ్లలో కూడా కొన్ని కంపెనీలకు అధీకృత సర్వీస్ స్టేషన్లు ఉంటాయి, షోరూం అద్దాల మెరుపు ఉండదు గానీ పని అక్కడ యజమాని కళ్ల ముందు జరుగుతుంది. నేనైతే అలాంటివే ముందు వెతుకుతాను. ఇక బాష్ లాంటి పేరున్న బోర్డులతో అన్ని కంపెనీల కార్లూ చూసే గ్యారేజీలు ఉన్నాయి. పని బాగుండవచ్చు. కానీ మీ కారు కంపెనీ దృష్టిలో అవీ "బయట" కిందికే వస్తాయి. వారంటీ లెక్కలో తేడా గుర్తుంచుకోండి.

మరి వారంటీలో ఉన్నప్పుడు కూడా బయట చేయించదగినవి లేవా? చాలానే ఉన్నాయి. టైర్లు, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, పంక్చర్, వాటర్ వాష్, వైపర్లు. టైరుకు, బ్యాటరీకి వాటిని తయారు చేసిన కంపెనీయే వేరుగా వారంటీ ఇస్తుంది. మన నల్లగొండ ఎండలు నలభై అయిదు దాటుతున్నాయి, ఆ వేడికి బ్యాటరీ త్వరగా పోతుంది. పోయినప్పుడు ఆ బ్యాటరీ కంపెనీ డీలర్ దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఏసీ ఫిల్టర్ చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మీ చేత్తో మీరే మార్చుకోవచ్చు.

బయట అస్సలు చేయించకూడనిది ఒకటుంది, వారంటీ ఉన్నప్పుడు: కరెంటు పని. కొత్త బండి ఇంటికి రాగానే పెద్ద హారన్, తెల్లటి లైట్లు, పెద్ద స్క్రీన్ బిగించాలని మోజు పుడుతుంది. షాపు కుర్రాడు వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుడతాడు. కంపెనీ వాడు చూసేది ఆ టేపే. ఇవాళ బండిలో ఎయిర్ బ్యాగు, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ అన్నీ ఆ వైర్ల మీదే మాట్లాడుకుంటాయి. ఒక చోట కోస్తే ఇంకో చోట లోపం చూపిస్తుంది. కప్లర్ టు కప్లర్, అంటే వైరు కోయకుండా ప్లగ్గుకు ప్లగ్గు తగిలించి బిగించేదైతే సరే. కోత పడేదైతే వద్దనండి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గర, వడ్ల బస్తాల పక్కన బండి పెట్టేవాళ్లకు ఎలుకలు వైర్లు కొరికే బాధ ఎక్కువ. అది వారంటీలో రాదు. బీమా పాలసీలో ఏముందో చూసుకోండి.

ఇప్పుడు షెడ్డు దగ్గరికి వద్దాం. వారంటీ అయిపోయాక మంచి మేస్త్రి దొరికితే అంతకు మించిన అదృష్టం లేదు. షోరూంలో మీ బండి చేతులు మారుతుంది. వాడు ఆయిల్ మార్చి వెళ్తాడు, వీడు బ్రేకులు చూస్తాడు, అడ్వైజర్ ఏమీ చూడకుండా తాళం ఇస్తాడు. షెడ్డులో ఒకే మనిషి మీ బండి మోతను ఏళ్ల తరబడి వింటాడు. సస్పెన్షన్‌లో, అంటే చక్రాల దగ్గర కుదుపు ఆపే భాగంలో, చిన్న రబ్బరు బుష్ పోతే షోరూంలో అది ఉండే ఆర్మ్ మొత్తం మార్చాలంటారు. మేస్త్రి ఆ బుష్ ఒక్కటే ప్రెస్ చేసి ఎక్కిస్తాడు. లేబర్‌లో తేడా సరే సరి.

కానీ కొత్త బండ్లు పాత బండ్లు కావు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మినవన్నీ బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలవి. డీజిల్ బండికి పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అని ఫిల్టర్ ఉంటుంది. దానికి బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ పొయ్యాలి. మారుతి కొత్త పెట్రోల్ ఇంజన్లకు 0డబ్ల్యు-16 అని నీళ్లలా పల్చగా ఉండే ఆయిల్ చెప్తారు. ఆ ఇంజన్ లోపల ఆయిల్ దారులు ఆ పలచదనానికి తగ్గట్టే చేసి ఉంటాయి. నేనొకసారి ఒక షెడ్డులో కూర్చుని ఉంటే కొత్త బండి వచ్చింది. యజమాని పడుచువాడు, "అన్నా, ఏ ఆయిల్ పోస్తున్నవ్?" అని అడిగాడు. "ఏదైతేంది తమ్మీ, అన్ని బండ్లకు ఇదే పోస్తున్నం, ఏం గాలే" అన్నాడా మేస్త్రి. మూలన డ్రమ్ములో 20డబ్ల్యు-40 అనే చిక్కటి ఆయిల్ ఉంది. పాత జీపులకు, వ్యాన్లకు మంచిదే. ఆ బండికి కాదు. ఆ పిల్లవాడు మాన్యువల్ ఫొటో చూపించి, డబ్బా ఆయిలే కావాలన్నాడు. మేస్త్రి మంచివాడు, తప్పుగా అనుకోలేదు, కుర్రాణ్ణి పంపించి తెప్పించాడు. నేను చెప్పేది ఇదే. ఆయిల్ డబ్బా సీలు మీ ముందు తీయాలి, గ్రేడు పుస్తకంలో ఉన్నదే ఉండాలి. డీజిల్ వాళ్లకు ఇంకొక మాట: డీపీఎఫ్ లైటు వెలిగిందని దాన్ని కోసేస్తామనే వాళ్లుంటారు, ఒప్పుకోవద్దు. కాలుష్య నిబంధనలకు విరుద్ధం, బండికీ చేటు. చాలాసార్లు మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద కాసేపు ఒకే వేగంతో నడిపితే అది దానంతట అదే శుభ్రమవుతుంది. అప్పటికీ ఆరకపోతే స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి.

షెడ్డులో మేస్త్రి చెయ్యి ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఒక చిన్న వస్తువు చూడండి. ఆయిల్ దించేటప్పుడు ఇంజన్ కింద ఆయిల్ చాంబర్‌కు ఒక బోల్టు ఉంటుంది. ఆ బోల్టుకు రాగిదో అల్యూమినియందో పల్చటి వాషర్ ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి, సందు మూసుకుంటుంది. ఒకసారి నలిగింది మళ్లీ అలా నలగదు. అందుకే ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. పది, ఇరవై రూపాయల వస్తువు. మంచి మేస్త్రి డబ్బాలోంచి కొత్త వాషర్ తీసి, పాతది పక్కన పడేసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ఆ తర్వాత పాన వేసి చెప్పిన బిగువు వరకే బిగిస్తాడు. టార్క్ రెంచ్ ఉంటే ఇంకా మేలు. తొందరపడేవాడు పాత వాషరే ఉంచి, కారకుండా ఉండాలని మీద పడి బిగిస్తాడు. చాంబర్ అల్యూమినియందైతే, లోపల మర అరిగిపోతుంది. ఏడాది తర్వాత ఇంకొకడు విప్పినప్పుడు మర ఊడి చేతికొస్తుంది. అప్పుడు చాంబర్ మొత్తం మార్చాలి. మేస్త్రి ఎలాంటివాడో నేను ఆ వాషర్ దగ్గరే తేల్చుకుంటాను.

రెండోది స్కానర్. 2020 తర్వాతి బండికి స్కానర్ లేకుండా చెయ్యి పెట్టేవాడి దగ్గర ఇంజన్ లైటు వెలిగిన బండి వదలొద్దు. స్కానర్ ఉన్నా, కోడ్ చూసి వెంటనే పార్టు మార్చేవాడి కంటే, కోడ్ చూశాక కప్లర్ ఊడిందా, వైరు తెగిందా అని చూసేవాడు మేలు.

మూడోది నీళ్లు. ఇది మన జిల్లాకు ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరు నీళ్లలో ఏముందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గిందని మగ్గుతో బోరు నీళ్లు పోస్తే ఆ సన్నటి గొట్టాల్లో కూడా అదే పెచ్చు. మే నెలలో ఏసీ వేసుకుని నార్కట్‌పల్లి దాటేలోపు టెంపరేచర్ ముల్లు లేస్తుంది. కంపెనీ చెప్పిన రకం కూలెంట్, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్. రంగు చూసి కలపొద్దు, ఒకే రంగు ఉన్నంత మాత్రాన ఒకే రకం కాదు. ఇది షెడ్డులో జరిగినా తప్పే, షోరూంలో జరిగినా తప్పే.

పార్టుల సంగతి. షెడ్డులో మూడు మాటలు వినిపిస్తాయి: ఒరిజినల్, కంపెనీ, లోకల్. కారు కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. ఆ కంపెనీకి సరఫరా చేసేవాళ్లే తమ సొంత పేరుతో అమ్మేది ఇంకోటి, అది చాలాసార్లు ధర తక్కువ, నాణ్యత బాగానే ఉంటుంది. మూడోది లోకల్. ఫ్లోర్ మ్యాట్ లాంటివాటికి లోకల్ అయినా నష్టం లేదు. బ్రేక్ ప్యాడ్లు, టైమింగ్ బెల్టు, ఆయిల్ ఫిల్టర్, స్టీరింగ్ పార్టుల దగ్గర లోకల్ మాట ఎత్తొద్దు. హైదరాబాద్ ఆటోనగర్‌లోనో, కోదాడ వైపు వాళ్లయితే విజయవాడ ఆటోనగర్‌లోనో మీరే కొని తెచ్చి మేస్త్రికి ఇచ్చుకోవచ్చు. బిల్లు తప్పకుండా తీసుకోండి.

షెడ్డుకు మారినా షోరూంతో తెగతెంపులు చేసుకోవద్దు. రీకాల్ అని ఒకటుంది. తయారీలోనే లోపం ఉందని తేలితే కంపెనీ ఆ బండ్లను పిలిచి ఉచితంగా సరిచేస్తుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్రం తీసుకుంది. దాని నియమాలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. మీరు ఎక్కడ సర్వీసు చేయించుకున్నా రీకాల్ పని మీకు ఉచితమే. షోరూం ముఖం చూడనివాళ్లకు, ఫోన్ నంబర్ మార్చినవాళ్లకు ఆ కబురు అందదు. ఏడాదికొకసారి కంపెనీ వెబ్‌సైట్‌లో మీ చాసిస్ నంబర్ కొట్టి చూసుకోండి. ఎయిర్ బ్యాగు లాంటి వాటి మీద రీకాల్ వస్తే అది ప్రాణానికి సంబంధించిన విషయం.

ఇక అన్యాయం జరిగితే? ముందు 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన పెద్ద మేలు ఏమిటంటే, షోరూం హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండే చోటే, అంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఫిర్యాదు వేయవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. కానీ అక్కడ మీ నోటి మాట నిలబడదు, కాగితం నిలబడుతుంది. అందుకే షెడ్డులో అయినా ఒక తెల్ల కాగితం మీద తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ గ్రేడు, మార్చిన పార్టులు రాయించి సంతకం పెట్టించుకోండి. మేస్త్రి నొచ్చుకోడు, మీరు అడిగే తీరులో ఉంటుంది. రేపు బండి అమ్మేటప్పుడు కూడా ఆ కాగితాలే మీకు ధర తెస్తాయి.

ఇప్పుడు మీరు అడగండి.

(సభలో ఒకరు: సార్, మాది దేవరకొండ అవతల. సర్వీసుకు నల్లగొండ వచ్చి పోవాలంటే ఒక రోజు పోతుంది, డీజిల్ పోతుంది. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు కూడా తిరగను. అయినా రావాలా?)

వారంటీ ఉన్నంతవరకు రావాలి. కాకపోతే ఏడాదికి ఒక్కసారే కదా. పుస్తకంలో "పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని ఉంటుంది. కిలోమీటర్లు తిరగకపోయినా ఆయిల్ పాతబడుతుంది, కాబట్టి ఏడాది దాటనివ్వద్దు. కొన్ని కంపెనీలు వ్యాన్‌లో మనుషుల్ని ఇంటికే పంపి మామూలు సర్వీసు చేయిస్తున్నాయి. మీ వైపు వస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, అది కంపెనీ రికార్డులోకి ఎక్కుతుంది. ఇంకొకటి, మీ దారి మట్టి దారి, పత్తి చేల మధ్య నుంచి. మాన్యువల్‌లో దుమ్ము ఎక్కువ ఉన్న చోట్లకు వేరే షెడ్యూల్ ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ మధ్యలో ఒకసారి తీసి చూసుకోండి.

(ఒక ఉపాధ్యాయురాలు: నేను ఒక్కదాన్నే వెళ్తాను సార్. నాకు పార్టుల పేర్లు తెలియవు. అక్కడ ఏం చెప్పినా తల ఊపి రావాల్సి వస్తోంది.)

అమ్మా, పేర్లు తెలియనవసరం లేదు. మూడు మాటలు అడగండి చాలు. "ఇది మాన్యువల్‌లో ఏ పేజీలో ఉంది, చూపించండి." "తీసిన పాత పార్టులు డిక్కీలో పెట్టండి." "ఎస్టిమేట్ దాటితే నాకు ఫోన్ చేసి ఒప్పుకున్నాకే చెయ్యండి." మూడోది జాబ్ కార్డు మీద, అంటే బండి అప్పగించేటప్పుడు చేయాల్సిన పనులు రాసే కాగితం మీద, రాయించి సంతకం పెట్టండి. ఆ జాబ్ కార్డు మీద మీ సంతకం కోసం వాళ్లు తొందరపెడతారు, తొందరపడొద్దు, అంతా చదివాకే పెట్టండి. షెడ్డులో కూడా ఇవే మాటలు. మా విద్యార్థులకు నేను చెప్పింది కూడా ఇదే: అడిగే కస్టమర్ వచ్చినప్పుడు విసుక్కోవద్దు, ఆమె నీ పని నేర్పును గౌరవిస్తోంది అని.

(మరొకరు: ఎలక్ట్రిక్ కారు కొన్నాను, దాని సంగతి?)

దాంట్లో నాకు రెండో ఆలోచన లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. బ్యాటరీ వోల్టేజ్ వందల్లో ఉంటుంది. నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే వాటి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వొద్దు, శిక్షణ ఉన్నవాళ్లు తప్ప. బ్యాటరీ వారంటీ చాలా బండ్లకు ఎనిమిదేళ్లు, 1,60,000 కిలోమీటర్లు ఉంటోంది. టైర్లు, వాషింగ్ బయట చేయించుకోండి, మిగతా దేనికోసమూ అంత పెద్ద హామీని పణంగా పెట్టకండి.

(వెనక నుంచి ఒకరు: మా బండి వారంటీ వచ్చే నెలతో అయిపోతుంది సార్. ఇప్పుడేం చెయ్యాలి?)

చాలా మంచి సమయంలో అడిగారు. ఈ వారంలోనే బండిని మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లి, పాన పెట్టనివ్వకుండా, కింద నుంచి ఒకసారి చూడమనండి. డబ్బులిచ్చి చూపించండి. ఆయిల్ చెమ్మ ఎక్కడైనా ఉందా, షాక్ అబ్జార్బర్ కారుతోందా, స్టీరింగ్ తిప్పితే టక్ మంటోందా, ఏసీ కంప్రెసర్ మోత ఉందా, గేరు పడేటప్పుడు ఇబ్బంది ఉందా అని. ఉన్నవన్నీ కాగితం మీద రాసుకుని వెంటనే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. "నోటితో చెప్పాం, చూస్తామన్నారు" అంటే పనికిరాదు. ఒక్కో కంప్లయింట్ జాబ్ కార్డులో విడివిడిగా ఎక్కించమనండి. వాళ్లు "ఇది నార్మలే సార్" అంటే, ఆ మాట కూడా అందులోనే రాయమనండి. ఆ తర్వాత అదే లోపం పెద్దదైనా, వారంటీ ఉండగానే చెప్పామన్న ఆధారం మీ చేతిలో ఉంటుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకునే ఆలోచన ఉంటే అదీ ఆ రోజే తేల్చుకోండి, మామూలు వారంటీ గడువు దాటాక సాధారణంగా ఇవ్వరు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో ఉన్న బండి అయితే నేను తీసుకోమంటాను. మామూలు గేర్ల చిన్న పెట్రోల్ బండి అయితే ఆ డబ్బు దాచుకుని మేస్త్రి దగ్గరికి రావచ్చు. జాబ్ కార్డు కాపీ తీసుకోకుండా మాత్రం బయటికి రాకండి. దాని మీద తేదీ, మీటర్ రీడింగ్ రెండూ స్పష్టంగా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి.